నేను స్వయంగా ఎరుగుదును

ఆ శుక్రవారం ఉదయం అబ్రహాము తన డైరీలో రాసుకున్న పనులు:

కిరసనాయిలు డబ్బా ఏడింటిలోగా క్యూలో పెట్టి రావాలి.
ఇస్త్రీకి ఇచ్చిన తెల్ల చొక్కా తెచ్చుకోవాలి.
సైకిలు వెనక చక్రానికి గాలి.
సభాధ్యక్షులు అంకమ్మరావు గారి ఇనీషియల్సు ప్రిన్సిపాలు గారిని అడిగి తెలుసుకోవాలి. తప్పు పోకూడదు.
పదిన్నరకు ప్రసంగం: "మనుషుల పేర్లు ఎందుకు గుర్తుండవు?"
మధ్యాహ్నం ఖాళీ ఉంటే క్షవరం.

అబ్రహాము విజయవాడలో పంతుళ్ళకు శిక్షణ ఇచ్చే ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠం చెబుతాడు. వాళ్ళింట్లో డిగ్రీ పుచ్చుకున్నవాడు అతనొక్కడే. తండ్రి ఉయ్యూరు చుట్టుపక్కల చెరుకు నరికి బతికిన మనిషి. అందుకని అబ్రహాముకు ఏ పనైనా డైరీలో రాసుకుని, చేసి, పక్కన టిక్కు పెడితే గాని అన్నం సయించదు. నెల కిందటే గజిటెడ్ హోదా వచ్చింది. దానితోపాటు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టే హక్కూ, తన పేరు చెక్కిన రబ్బరు స్టాంపూ వచ్చాయి. పెన్ను చొక్కా జేబులో, స్టాంపు చేతిసంచీలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటున్నాయి. నెల రోజుల్లో అడిగినవాళ్ళు మాత్రం ఇద్దరే.

మూడో టిక్కు పెట్టే సమయానికి వాకిట్లో ఒక ముసలావిడ నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. కుడి ముంజేతి మీద అరచెయ్యంత పాత కాలిన మచ్చ.

"ఏం నాయనా అబ్రహామూ, గుర్తుపట్టావా?" అంది.

పట్టకేం! ఆ మచ్చ గంజి వార్చేటప్పుడు డేగిసా జారి పడినది. తాను అప్పుడు తొమ్మిదో క్లాసు. ఉయ్యూరు హాస్టల్లో ఎనిమిదో క్లాసు నుంచి పదకొండు దాకా, నాలుగేళ్ళపాటు రెండు పూటలా అన్నం పెట్టిన చెయ్యి అది. జ్వరమొస్తే వార్డెనుకు తెలియకుండా మిరియాల చారు కాచి మంచం దగ్గరికి తెచ్చిన మనిషి. పదకొండో క్లాసు పరీక్షల రోజుల్లో దీపం బుడ్డి తన గదిలోంచి తెచ్చి ఇచ్చి, తాను చీకట్లో పడుకున్న మనిషి. అబ్రహాముకు కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులో ఒక మాట అనేశాడు.

"మిమ్మల్ని మరిచిపోతానా పెద్దమ్మా! ప్రాణం పోయినా మరిచిపోను!"

అన్న మరుక్షణం అతనికి తట్టింది. ఆవిడ పేరు తెలియదు.

హాస్టల్లో నూటిరవై మంది పిల్లలూ ఆవిణ్ణి పెద్దమ్మ అనేవారు. వార్డెను పెద్దమ్మ అనేవాడు. కూరగాయలవాడు, కట్టెలవాడు పెద్దమ్మ అనేవారు. పేరు మాత్రం ఎప్పుడో ఒకసారి విన్నట్టే ఉంది. ఎక్కడ, ఎవరి నోట, గుర్తు లేదు.

"నువ్వు గజిటెడ్డు ఆఫీసరువయ్యావంట కదా! మా హాస్టల్లో ఒకటే చెప్పుకుంటన్నారు. చారులో కరేపాకు ఏరి పళ్ళెం అంచున వరసగా పెట్టేవాడు, ఆ అబ్రహామేనా అన్నాను" అంటూ ఆవిడ నవ్వుతూ వచ్చి గడప మీద కూచుంది. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. "ఇరవై రెండేళ్ళకి మా వంటోళ్ళను పర్మినెంటు చేత్తారంట నాయనా. ఎవరన్నా గజిటెడ్డు ఆఫీసరు మనల్ని ఎరిగున్నట్టు రాసివ్వాలంట. ఇవాళ ఐదింటికల్లా బందరు రోడ్డు ఆఫీసులో ఇవ్వాలి. ఇయ్యకపోతే నా జాగాలో ఇంకొకళ్ళను పెడతారు. ఈ వయసులో నాకింకెవరు పొయ్యి అప్పగిస్తారు చెప్పు?"

అబ్రహాము కాగితం విప్పాడు. అచ్చు వేసిన ఫారం. 'శ్రీమతి' తరవాత జానెడు ఖాళీ. 'భర్త పేరు' దగ్గర ఖాళీ. ఆ తరవాత: 'వీరిని నేను గత ..... సంవత్సరములుగా స్వయంగా ఎరుగుదును. వీరి నడవడి మంచిది.'

"ఏమీ నింపలేదేం పెద్దమ్మా?"

"నాకేమన్నా రాతొచ్చా? నా పేరు నీకు తెలియందా ఏంది, నువ్వే నింపు."

ఆకుపచ్చ పెన్ను మూత తీసిన అబ్రహాము దాన్ని మళ్ళీ పెట్టేశాడు. అడిగేస్తే పోయేది. కాని ఇప్పుడే కదా ప్రాణం పోయినా మరిచిపోనన్నాడు! పైగా ఇవాళ ఊరివాళ్ళకు పేర్ల మీద ప్రసంగం ఇవ్వబోయే మనిషి.

"ఇంటిపేరుతో సహా రాయాలి పెద్దమ్మా. ఇంటిపేరు?" అన్నాడు గొంతు సవరించుకుని.

"కొక్కిలిగడ్డ."

సగం వచ్చింది. 'కొక్కిలిగడ్డ' అని రాసి ఆగాడు. కొక్కిలిగడ్డ వారి ఇంటి ఆడవాళ్ళు కృష్ణా జిల్లాలో వేలమంది ఉంటారు.

"భర్త పేరు?"

పెద్దమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన పేరు నేనెట్టా చెబుతాను నాయనా! పోయి పన్నెండేళ్ళయినా ఆ మాట నా నోట్లో రాదు." కాసేపు ఆలోచించింది. "పొయ్యిలో ఏం పెడతాం?"

"నిప్పు."

"నిప్పుకు ముందు."

"కట్టె."

"అంత లావుది కాదు, సన్నది."

"పుల్ల... పుల్లయ్య!"

"ఆఁ!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది.

పలకకూడని పేరు అరనిమిషంలో బయట పడింది. పలకవలసిన పేరు మాత్రం పలకడం లేదు. అబ్రహాముకు ఆశ పుట్టింది. "మీ పేరుకు కూడా ఒక పొడుపుకథ వెయ్యండి పెద్దమ్మా, సరదాగా!" అన్నాడు.

"తెలిసిన పేరుకు పొడుపుకథ ఎందుకురా నాయనా! కాలేజీలో పిల్లకాయల దగ్గర ఉండీ ఉండీ నువ్వూ పిల్లకాయవైపోయావు."

అప్పుడే అతని భార్య ఎలిజబెత్ కాఫీ గ్లాసుతో వచ్చింది. అబ్రహాము పెద్దమ్మకు కనపడకుండా కనుబొమలెగరేసి, పెదాలు కదిపి, ఫారం వైపు వేలు చూపించాడు. ఎలిజబెత్ అతన్ని వింతగా చూసి, "ఏమిటండీ, పన్ను నొప్పా?" అంది. తరవాత ఎందుకో తనకే తోచి, "మీ పేరేమిటి పెద్దమ్మా?" అని అడిగింది.

అబ్రహాము పెన్ను కాగితం మీద ఆనించాడు.

"మీ ఆయన్నే చెప్పమను తల్లీ" అంది పెద్దమ్మ మురిసిపోతూ. "నాలుగేళ్ళు నా చేతి కూడు తిన్నాడు. ఇప్పుడు అంతటి ఆఫీసరై, ఆయన నోటంట నా పేరు వింటే నాకు కడుపు నిండుద్ది."

ఇద్దరాడవాళ్ళూ అతని మొహంలోకి చూశారు.

"పెన్ను... పెన్ను తెస్తానుండండి" అంటూ అబ్రహాము లోపలికి పరుగెత్తాడు.

గదిలో తలుపు దగ్గరికేసి, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. రేషను కార్డు అడుగుదామా అనుకున్నాడు. అందులో యజమాని పేరు, 'పెద్దలు ఇద్దరు, పిల్లలు ఒకరు' అన్న లెక్క తప్ప ఏమీ ఉండదు. ఇక మిగిలింది శాస్త్రమే. మరిచిన పేరు కోసం అక్షరాల వెంట నడుస్తూ, ఆ మనిషిని చూసిన చోటును మనసులోకి తెచ్చుకోవాలని తానే ప్రసంగంలో రాశాడు. కళ్ళు మూసుకున్నాడు. అ, ఆ దగ్గర బయల్దేరాడు. హాస్టలు వంటిల్లు, పొగ, వెనక దొడ్డి, సాయంత్రం మజ్జిగ బిందె, పెద్దమ్మ గొంతు... 'మ' దగ్గరికి వచ్చేసరికి ఒక పేరు గంట కొట్టినట్టు మోగింది.

మాణిక్యం!

అనుమానం లేదు. ఆ దొడ్లో, ఆ బిందె పక్కన, రోజూ విన్న పేరు. కృతజ్ఞతతో దేవుణ్ణి తలుచుకున్నాడు. బయటికి వచ్చి, 'కొక్కిలిగడ్డ' పక్కన 'మాణిక్యమ్మ' అనీ, భర్త పేరు దగ్గర 'పుల్లయ్య' అనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. గత పందొమ్మిది సంవత్సరాలుగా ఎరుగుదునని నింపి, సంతకం పెట్టి, స్టాంపు గుద్దాడు. పెద్దమ్మ ఆకుపచ్చ అక్షరాలను వేలితో తడిమి, కాగితాన్ని కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది.

"అన్నం తిని వెళ్ళండి పెద్దమ్మా, రిక్షా నేను మాట్లాడి పంపిస్తాను" అంది ఎలిజబెత్. అబ్రహాము తెల్లచొక్కా తొడుక్కుని సైకిలెక్కాడు. తేలిగ్గా ఉంది. ఒక మంచి పని అయింది. దానికి డైరీలో టిక్కు పెట్టడానికి చోటు లేదే అన్న చింత తప్ప మరేమీ లేదు.

పటమట దాటి బెంజ్ సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి గేదెల మంద ఒకటి రోడ్డుకు అడ్డం పడింది. లారీలు ఆగాయి, బస్సు ఆగింది, అబ్రహాము ఒక కాలు నేల మీద ఆనించి ఆగాడు. మందలో వెనకబడిన ఒక గేదెను తోలుతున్నావిడ, "నడవ్వే లక్ష్మీ, నడు!" అంటూ దాని వీపు మీద చరిచింది.

అబ్రహాము వీపు మీదే చరిచినట్టయింది.

హాస్టలు వెనక దొడ్డి. సాయంత్రం. పెద్దమ్మ ఖాళీ బిందె పట్టుకుని పిల్లలకు చెబుతోంది: "ఇవాళ మజ్జిగ పల్చనే నాయనా, మాణిక్యం పాలియ్యలేదు."

మాణిక్యం వార్డెను గారి గేదె.

ప్రభుత్వం ఇచ్చిన అధికారంతో, ఆకుపచ్చ సిరాతో, ఒక గేదెను పందొమ్మిదేళ్ళుగా స్వయంగా ఎరుగుదుననీ, దాని నడవడి మంచిదనీ అతను సంతకం చేశాడు. దానికి పుల్లయ్య గారితో పెళ్ళి కూడా చేశాడు.

గడియారం చూశాడు. పదింటికి పది నిమిషాలు. పెద్దమ్మ అన్నం తిని రిక్షాలో ఈపాటికి ఆఫీసుకు చేరి ఉంటుంది. సైకిలు బందరు రోడ్డు మీదికి తిప్పి, బస్సుల మధ్య నుంచి, ఒంటిమీద ఇస్త్రీ ఎక్కడా మిగలకుండా తొక్కాడు. హాస్టళ్ళ వ్యవహారం చూసే ఆఫీసు వరండాలో బల్ల వెనక గుమాస్తా ఒకాయన కూచుని ఉన్నాడు. బల్ల మీద చెక్కముక్క మీద 'తిరుపతిరావు' అని తెల్లరంగుతో రాసి ఉంది. ఇలాంటి ఏర్పాటు మనుషులందరికీ ఉంటే ఎంత బాగుండునని అబ్రహాము అనుకున్నాడు.

"ఇక్కడికి ఒకావిడ వచ్చారాండీ? ఉయ్యూరు హాస్టలు వంటావిడ."

"పేరు?"

"పేరు... పేరు తరవాత చెబుతాను. ఒంటి మీద తెల్లచీర..."

"పొద్దుట్నించి ముప్ఫైమంది వచ్చారండీ, సగం తెల్లచీరలే. పేరు లేకుండా నేనెట్టా చెప్పేది?"

"పోనీ, మాణిక్యమ్మ అనే పేరుతో కాగితం ఎవరన్నా తెస్తే తీసుకోకండి. అది తప్పు. అలాంటి మనిషి లేదు."

తిరుపతిరావు కళ్ళజోడు పైకి తోసి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "లేని మనిషి పేరుతో కాగితమా? ఎవరిచ్చారది?"

"నేనే."

"ఓహో" అన్నాడు తిరుపతిరావు. ఎర్ర పెన్సిలు తీసి చీటీ మీద 'మాణిక్యమ్మ, దొంగ సర్టిఫికెట్టు, పట్టుకోవలెను' అని రాసి, ఆ చీటీని బల్ల అద్దం కింద దోపాడు.

అబ్రహాము ఏదో చెప్పబోయి గోడ గడియారం చూసి ఆగిపోయాడు. పదీ ఇరవై. కాలేజీకి పరుగెత్తాడు.

కాలేజీ హాలు నిండిపోయి ఉంది. వేదిక మీద అంకమ్మరావు గారు అప్పటికే దండతో కూచుని ఉన్నారు. ఆయన వన్ టవున్‌లో నేతచీరల వ్యాపారి. హాల్లో తిరుగుతున్న నాలుగు ఫ్యాన్లూ ఆయన దానమే. అబ్రహాము రొప్పుతూ వేదికెక్కి, నమస్కారం పెట్టి, సభ వైపు తిరిగాడు.

ముందు వరసలో, ప్రిన్సిపాలు గారి పక్క కుర్చీలో, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ కూచుని ఉంది.

"నువ్వేదో మాట్లాడతన్నావంట కదా, మీ ఆవిడ చెప్పింది. ఐదింటిదాకా టైముందిగా, వినిపోదామని వచ్చా" అంది అక్కణ్ణుంచే, హాలంతా వినపడేట్టు. "మాట్లాడు నాయనా, నన్ను చూసి బెదరమాక."

కాగితం ఇంకా ఆఫీసుకు పోలేదు. ఆ ఒక్క సంగతి ధైర్యంతో అబ్రహాము కాగితాలు తీశాడు. ప్రసంగం మొదలుపెట్టాడు.

పేర్లు ఎందుకు గుర్తుండవో అయిదు కారణాలు రాసుకున్నాడు. మొదటిది, పేరుకు బొమ్మ ఉండదు. ఒకాయన కుమ్మరి అని చెబితే చక్రం, మట్టి, కుండ కళ్ళముందు కదులుతాయి. అదే ఆయన పేరు చెబితే ఏమీ కదలదు. రెండోది, ఎవరన్నా తమ పేరు చెబుతున్నప్పుడు మనం వినం. మన పేరు ఎలా చెప్పుకోవాలా అని చూసుకుంటూ ఉంటాం. మూడోది, వయసు. నాలుగోది తెలుగువాళ్ళకు ప్రత్యేకం. బాబాయి గారు, అక్కయ్య గారు, మాస్టారు గారు, వదిన గారు అంటూ పేరుతో పని లేకుండానే ఎదుటి మనిషితో ముప్ఫై ఏళ్ళు మాట్లాడవచ్చు. ఆ వరస మర్యాదగానే ఉంటుంది. కాని దాని కింద మనిషి పేరు తుప్పు పట్టిపోతుంది.

సభ నవ్వింది. అంకమ్మరావు గారు దండ సవరించుకుని, "నిజమే మాస్టారూ. మా కొట్లో మేం పేర్లు గుర్తుపెట్టుకోం, కొన్న చీర అంచు గుర్తుపెట్టుకుంటాం. మొన్న రుద్రాక్ష అంచు గారికి నమస్కారం పెట్టా!" అన్నారు. సభ ఇంకా నవ్వింది.

అబ్రహాము అయిదో కారణం ఉన్న కాగితం వైపు చూశాడు. రెండు రోజుల కిందట, రాసింది బాగుందని ఎలిజబెత్‌కు చదివి వినిపించిన వాక్యం అది. ఇప్పుడు దాన్ని మడిచి జేబులో పెట్టేసి, "ఇంతటితో..." అన్నాడు.

"మాస్టారూ, అయిదోది వదిలేశారండీ!" అని వెనక వరసలోంచి ఒక టీచరమ్మ లేచింది. ప్రసంగం కాపీలు ముందే సైక్లోస్టయిలు తీయించి అందరికీ పంచింది అబ్రహామే. పనులు అంత శ్రద్ధగా చేస్తాడు మరి. "నేను చదవనాండీ?" అని, అతను వద్దనే లోపలే గట్టిగా చదివేసింది. "'అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఎవరు లేకపోయినా మన పని జరిగిపోతుందని మనం అనుకుంటామో, ఎవరిని మనం లెక్కలో వేసుకోమో, వారి పేరును మన మనసు నిలుపుకోదు. పేరు మరచుట జ్ఞాపకశక్తి లోపము కాదు, గౌరవ లోపము.'"

హాలంతా చప్పట్లు. అబ్రహాము మొహం ఎటు తిప్పుకోవాలో తెలియక నీళ్ళ గ్లాసులోకి చూశాడు.

"అద్భుతం!" అన్నారు అంకమ్మరావు గారు. "మరి ఇంత చెప్పిన మాస్టారు జ్ఞాపకం ఎలాంటిదో మనమూ చూడొద్దా? ఇందాక ముందు వరసలోంచి ఒక పెద్దావిడ చనువుగా పలకరించారు. మాస్టారికి బాగా ఎరిగినావిడలాగుంది. ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచి సభకు పరిచయం చెయ్యండి మాస్టారూ, ఒక దండ వేద్దాం."

అబ్రహాము నోరు తెరిచాడు. "వీరు... మా ఉయ్యూరులో... వీరి చేతి అన్నం..." అంటూ వంట గురించి, మిరియాల చారు గురించి, దీపం బుడ్డి గురించి చెప్పాడు. మచ్చ గురించి చెప్పాడు. ఇంటిపేరు చెప్పాడు. చివరికి భర్త పేరు కూడా చెప్పాడు. చెప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

"పేరండీ, పేరు!" అన్నారెవరో.

పెద్దమ్మ అతని మొహం వైపు ఒక్క క్షణం చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుని లేచి, సభ వైపు తిరిగి చేతులు జోడించింది.

"నా పేరు పెద్దమ్మేనండీ. ఆ బాబు పొద్దుట్నించి పిలుస్తానే ఉన్నాడుగా, మీరే వినిపించుకోలా."

హాలు గొల్లుమంది. చప్పట్లు మోగిపోయాయి. అంకమ్మరావు గారు స్వయంగా దిగి వచ్చి, తన మెడలోని దండ తీసి ఆవిడ మెడలో వేశారు. ప్రసంగం ఇంత రక్తి కట్టడం ఈ కాలేజీలో ఇదే మొదటిసారి అన్నారు ప్రిన్సిపాలు గారు. అబ్రహాముకు మాత్రం వేదిక మీద చెక్కలు రెండుగా విడిపోతే బాగుండుననిపించింది.

సభ అయ్యాక, సైకిళ్ళ స్టాండు రేకుల నీడలో ఆవిణ్ణి ఆపాడు. తల ఎత్తలేకపోయాడు.

"పెద్దమ్మా, ఒక సంగతి చెప్పాలి. నాకు మీ పేరు తెలియదు."

"తెలుసు నాయనా."

"మీకెప్పుడు తెలిసింది?"

"చేతిలో పెన్ను పెట్టుకుని, పెన్ను కోసం ఇంట్లోకి ఉరికావు చూడు, అప్పుడు."

"మరి అడగలేదేం?"

"నీ పెళ్ళాం ముందర ఏమని అడిగేది? ముందు అడగడమే నాది తప్పు. అయినా బయటికి వచ్చి చకచకా రాశావుగా, జ్ఞాపకం వచ్చిందేమోలే అనుకున్నా. ఇంతకీ ఏం పేరు రాశావు?" అంది.

అబ్రహాము చెప్పాడు. గేదె సంగతి సైకిలు చక్రం వైపు చూస్తూ చెప్పాడు.

పెద్దమ్మ మొదట అర్థంగాక చూసింది. తరవాత మెడలో దండ ఊగేట్టు నవ్వింది. సైకిలు సీటు పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, "మాణిక్యానికా! అది తన్నని మనిషి ఆ హాస్టల్లో లేడు కదరా! దాని నడవడి మంచిదని ఎట్టా రాశావు నాయనా?" అంది.

"మీ పేరు చెప్పండి పెద్దమ్మా" అన్నాడు. ఆ మూడు మాటలు అనలేకే పొద్దుటినుంచీ ఊరు సగం తిరిగాడు.

"సువార్తమ్మ" అంది ఆవిడ.

ప్రతి ఆదివారం చర్చిలో, పాస్టరు అయ్యగారు బైబిలు చదవబోతూ ఏ మాట పలకగానే తాను చొక్కా సర్దుకుని లేచి నిలబడతాడో, ఆ మాటే ఆవిడ పేరు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ మాటకు లేచి నిలబడుతూనే ఉన్నాడు. అయినా ఆ మనిషి వచ్చి తన వాకిట్లో నిలబడితే, తెలియక గేదె పేరు రాశాడు.

తప్పు కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చించాడు. కాలేజీ ఆఫీసులో తెల్లకాగితం అడిగి తీసుకుని, బల్ల ముందు కూచుని, 'కొక్కిలిగడ్డ సువార్తమ్మ' అని రాశాడు. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, ఒత్తులు సరిచూసుకున్నాడు. క్షవరం సంగతి వదిలేసి, రిక్షాలో ఆవిణ్ణి కూచోబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం క్లాసులు ముగించుకుని అక్కడికి చేరేసరికి నాలుగు కావస్తోంది.

తిరుపతిరావు అతన్ని చూడగానే అద్దం కింది చీటీ తీశాడు. "దొంగ సర్టిఫికెట్టావిడ ఈవిడేనా?"

సువార్తమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. ఇరవై రెండేళ్ళు పప్పు గింజ పక్కకు పోకుండా వండిన మనిషి. "దొంగ అంటన్నాడేంది నాయనా?" అని నెమ్మదిగా అడిగింది.

"కాదండీ! ఆవిడ తప్పేమీ లేదు. తప్పు నాది, మొత్తం నాదే" అని అబ్రహాము జరిగిందంతా, గేదెతో సహా, వరండాలో ఉన్న పదిమందీ వింటుండగా చెప్పుకున్నాడు. అది అయ్యేసరికి పక్క బల్లలవాళ్ళు కూడా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. తిరుపతిరావు చీటీ చించేసి, కొత్త కాగితం అందుకున్నాడు.

"కొక్కిలిగడ్డ సువార్తమ్మ. ఊఁ." ఉయ్యూరు హాస్టలు మస్టరు పుస్తకం తెరిచి, వేలితో కిందికి దిగాడు. మళ్ళీ పైకెక్కాడు. "వంటవాళ్ళు ముగ్గురు. వెంకటప్పయ్య, దానమ్మ, కె. పెద్దమ్మ. సువార్తమ్మ లేదే!"

"ఏ పెద్దమ్మ?"

"కె. పెద్దమ్మ. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇదిగో, యాభై రెండు నుంచి ప్రతి నెలా ఉంది. వేలిముద్ర కూడా ఉంది." పుస్తకం ఇటు తిప్పాడు. మొట్టమొదటి గుమాస్తా ఎవరో, అందరూ పిలిచిందే పేరనుకుని రాసుకున్నాడు. ఆ తరవాత వచ్చిన గుమాస్తాలు పై పేజీ చూసి కింది పేజీలో దింపుకుంటూ వచ్చారు.

"ఆవిడే ఈవిడండీ! పెద్దమ్మ పేరు కాదు, వరస!"

"కావచ్చు సార్. కాని సర్వీసు పెద్దమ్మది. సువార్తమ్మ మా దగ్గర ఒక్కరోజు పని చేసినట్టు ఆధారం లేదు. ఇద్దరూ ఒకరేనని పేరు మార్పుకు అర్జీ పెట్టుకోండి. ఆరునెల్లు పట్టుద్ది. లిస్టు మాత్రం ఐదింటికి పైకి పోద్ది."

గోడ గడియారంలో నాలుగుంబావు. పొద్దున దొరకని పేరు కోసం అబ్రహాము ఎన్ని అగచాట్లు పడ్డాడు! తీరా దొరికాక, దాన్ని తన చేత్తోనే కొట్టివేసి పెద్దమ్మ అని రాయాలి.

"రాయలేను పెద్దమ్మా. ఇవాళే తెలిసింది నాకు" అన్నాడు.

"రాసెయ్ నాయనా" అంది సువార్తమ్మ. "నా పేరుతో నన్ను పిలిచిన మా అమ్మ ఎప్పుడో పోయింది. పేరెక్కడికీ పోదు, పొయ్యే పోద్ది. రాసెయ్."

అబ్రహాము రాశాడు. 'కొక్కిలిగడ్డ పెద్దమ్మ, భర్త పుల్లయ్య, గారిని నేను గత పందొమ్మిది సంవత్సరములుగా స్వయంగా ఎరుగుదును. వీరి నడవడి మంచిది.' సంతకం పెట్టి, స్టాంపు గుద్ది, తల వంచుకుని అందించాడు. సువార్తమ్మ బొటనవేలు సిరాలో అద్ది వేలిముద్ర వేసింది. తిరుపతిరావు దాని పక్కన 'పెద్దమ్మ నిశాని' అని రాసి, కాగితాన్ని లిస్టుతో కలిపి గుండుసూది గుచ్చాడు.

"చూశారా సార్, ఎంత సులువుగా అయిపోయిందో! మీకు తెలిసిన పేరే పొద్దున్నే రాసిస్తే, ఇంత తిరుగుడు ఉండేది కాదుగా" అన్నాడు జాలిగా.

పై నెలలో ఉత్తర్వు వచ్చింది. ఉయ్యూరు హాస్టలు వంటింటి పొయ్యి కె. పెద్దమ్మకు శాశ్వతంగా దక్కింది. ఇది చదివినవారు మాత్రం దయచేసి కొక్కిలిగడ్డ సువార్తమ్మ గారిని గుర్తుపెట్టుకోవాలి. ఆఫీసు వారి లెక్కలో ఆవిడ ఇంకా ఉద్యోగంలో చేరలేదు.